సులైమాన్ కొండ మీది జారుడు బండ

సులైమాన్ కొండ మీది జారుడు బండకు అంత నునుపు తెచ్చింది ముమ్మాటికీ తను 'ఆపా' అని పిలిచే నాయనమ్మ బురుల్చా పిర్రలేనని మనవరాలు నుర్జమాల్ ఊరంతా చాటుతుంది. ముసలమ్మ వారం వారం బస్సెక్కి వచ్చి, చెప్పులు విప్పి, శాలువా నడుముకు బిగించి, నడుంనొప్పి పోవాలని దువా చదువుతూ ఏడుసార్లు జారుతుంది. తుంటి విరిగి అతికాక రావడం మాత్రం ఇదే మొదలు. "మళ్లీ విరిగితే నేను మోయలేను ఆపా, గోధుమ బస్తాలా ఉన్నావు!" అని నుర్జమాల్ బతిమాలినా వినలేదు. నాలుగోసారో అయిదోసారో జర్రున జారి, బండ కింద వెల్లకిలా పడి, కళ్లు మూసుకుని ఇక కదల్లేదు. నుర్జమాల్ "ఆపా! ఆపా!" అని అరుస్తూ పరుగెత్తి భుజాలు పట్టి కుదిపేసింది.

బురుల్చా ఒక కన్ను తెరిచింది. "దువా మధ్యలో అరిచి లెక్క మరిపించావు కదే, గాడిదా! ఇక మళ్లీ మొదటి నుంచి జారాలి."