పక్కకి లాగిన వత్తు

పోయిన నెల ఒక పొద్దున్న మా గురువుగారి భార్య ఫోన్ చేశారు. "మీ గురువుగారు ఎల్లిపోనారమ్మా, బేగి రా" అన్నారు. స్టూలెక్కి ఒక మందుల షాపు బోర్డుకి రంగు వేస్తున్నాను. బ్రష్షు కడగకుండానే పరిగెత్తాను. ఆయన ఉండి ఉంటే దానికి చీవాట్లు పెట్టేవారు.

ఫ్లెక్సీలు వచ్చాక కూడా మా నర్సీపట్నంలో చేత్తో బోర్డు రాయించుకునేవాళ్లు మిగిలారంటే ఆయన అక్షరం వల్లే. డిగ్రీ అయ్యాక, ఆడపిల్లకి నిచ్చెనలెక్కే పనేమిటని ఇంట్లో గొడవ పెడుతున్నా, నేను ఆయన దగ్గరే చేరాను. మొదటి నెలంతా బ్రష్షు ముట్టుకోనివ్వలేదు. మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని గొలుగొండ, కొయ్యూరు తిప్పి, ఎవరు రాసిన గోడ బాగుంటే అక్కడ బండి ఆపేవారు. ఆయన 'శ్రీ' ఒక లారీ వెనక నుంచి తెచ్చుకున్నది. 'ళ' ఎవరిదో పెళ్లి కార్డులోది. ఈ సంగతి దాచకపోగా గొప్పగా చెప్పుకునేవారు.

"అచ్చరాల్ని మనం కనిపెట్టినామేటమ్మా? ఎవులో రాసినారు, మనం సూసినాం. సిగ్గేటి?"

అంత ధైర్యం ఇస్తే నేను ఊరుకుంటానా! రోలుగుంటలో ఒక బెల్లం కొట్టు గోడ మీద, 'బెల్లం'లో ల వత్తుని ఎవరో పెయింటరు పక్కకి బారుగా లాగాడు. చూసి మనసు పారేసుకున్నాను. నేను రాసిన 'మొక్కల మందులు' గోడ మీద క వత్తుని అచ్చం అలాగే లాగేశాను. గురువుగారు వచ్చి ఆ గోడ చూశారు. బండి ఎక్కమని నేరుగా ఆ బెల్లం కొట్టుకి తీసుకెళ్లారు. వత్తు ఉండాల్సిన చోట గోడలోంచి నీళ్ల పైపు బయటికి వచ్చి ఉంది.

"ఆయనకి పైపు అడ్డొచ్చింది. నీకేటి అడ్డొచ్చిందమ్మా?" అన్నారు.

నవ్వలేక చచ్చాను. ఎవరి దగ్గరైనా తెచ్చుకో, కానీ వాళ్లు ఎందుకలా రాశారో తెలుసుకుని మరీ తెచ్చుకో అని అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

తర్వాత నాకు అసలు దెబ్బ తగిలింది. నేను రాసిన బోర్డు చూసి ఒక కిరాణా కొట్టాయన "పెద్దాయన చెయ్యే" అని మెచ్చుకున్నారు. రాసింది నేనైతే మెప్పు ఆయనకి! నాదంటూ ఏముందని గురువుగారినే అడిగాను.

"నన్నొక్కడినే సూస్తే నాలాగే వస్తాది. ఊర్లు తిరుగు" అన్నారాయన.

కోపంతోనే తిరిగాను. బస్సుల మీద, బడిగోడల మీద, రైసు మిల్లుల మీద కనిపించిన ప్రతి అక్షరాన్నీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఆ తిరుగుడే ఇవాళ నాకు అన్నం పెడుతోంది.

పెద్దకర్మ అయ్యాక, ఆయన సగంలో వదిలిన బోర్డు నా చేతికొచ్చింది. జీడిపప్పు అమ్మే ఒక పెద్దావిడది. 'జీడి' వరకు ఆయన రాశారు, మిగతాది సుద్దగీతలే. ఆయనలాగే పూర్తి చెయ్యగలను, ఎవరూ కనిపెట్టలేరు. కానీ అలా చెయ్యలేదు. 'పప్పు దొరుకును' అని నా చేత్తో, నేను పోగేసుకున్న ఒంపులతో రాశాను.

ఆవిడ వచ్చి బోర్డుని కాసేపు చూసి, మొదటి 'ప' దగ్గర వేలు పెట్టబోయారు. తడి అని ఆపాను.

"ఇక్కణ్ణుంచి నువ్వు కదా?"

"నేనేనండీ."

"బాగుంది. ఆరినాక తగిలించీయమ్మా" అని ఆవిడ వెళ్లిపోయారు.

బోర్డుని ఎండలో గోడకి ఆనించి ఎదురుగా కూర్చున్నాను. 'జీడి' ఎప్పుడో ఆరిపోయింది. 'పప్పు' ఇంకా తడిగా మెరుస్తోంది.