కొండెక్కమని చెప్పిన ఊరు

మొన్న విశాఖలో బంధువుల గృహప్రవేశంలో అడ్డాకు విస్తట్లో వేడి అన్నం పడగానే లేచిన పచ్చి వాసనకు, కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ వాసన మా మేనత్త నూకాలత్త కొంగుది.

చోడవరం అవతల మా ఊరు. చెరకు నరుకుళ్లు అయిపోయి, గానుగల దగ్గర బెల్లంపాకం వాసన సన్నగిల్లాక, ఆడవాళ్లు చద్దన్నం, ఉల్లిపాయలు మూటకట్టుకుని ఊరి వెనక కొండెక్కేవారు. వాళ్లు అడ్డాకులు కోస్తుంటే పిల్లలం తునికిపళ్లు తిని, వగరెక్కిన నాలుకలు ఒకరికొకరం చూపించుకునేవాళ్లం. మేనత్తకు సెంటు పొలం లేదు. వడ్డాది సంతలో అమ్మే విస్తళ్లతోనే ఆ ఇంట పొయ్యి వెలిగేది. నేనొకసారి లేతాకు మీద చెయ్యి వేస్తే నెత్తిన మొట్టింది.

“సివురు తెంపకే గుంటా! మళ్లేడు ఏటి కోస్తాం?”

ఒక ఏడు జీపులో అటవీశాఖ అధికారులొచ్చి, బడి అరుగు మీద కూర్చుని, కొండ మీదికి ఎవరెళ్తారు, ఏం తెచ్చుకుంటారు అని అడిగారు. జీపు కనిపిస్తే చాలు, ఏ తప్పు మీద పడుతుందోనని వణికే ఊరు మాది. అత్తే ముందు చేతులు జోడించింది.

“మేం కొండెక్కం బాబూ. ఆకైనా ముట్టం.”

ఊరంతా తలూపింది. గండం గడిచిందని ఆ పూట అత్త తెలివిని మెచ్చుకోని వాళ్లు లేరు. కొన్నాళ్లకు కొండ చుట్టూ ముళ్లకంచె, దాని మీద ‘రక్షిత అడవి, ప్రవేశం లేదు’ అని బోర్డు వచ్చాయి. ఇదేమిటని అడిగితే, కొండతో మీకు పనిలేదని మీరే చెప్పారు కదమ్మా అన్నారు. మా వేలితో మా కన్నే పొడుచుకున్నాం. అడవిని కాపాడొద్దని నేననను. చివురు తెంపనివ్వని చేతుల నుంచి కాపాడటమేమిటన్నదే నా కోపం.

ఇప్పుడు కొండబాట తుప్పల్లో కలిసిపోయింది. ఊళ్లో పిల్లలకు తునికిపండు పేరు కూడా తెలియదు. అత్త చెరకు కూలికి పోతోంది. పోయిన నెల కంచె హద్దులు సరిచూడడానికి మళ్లీ అధికారులొచ్చారని తెలిసి నేనూ వెళ్లి అత్త పక్కన కూర్చున్నాను. మళ్లీ అదే ప్రశ్న. “ఎక్కం బాబూ” అని ఒకరిద్దరు అప్పుడే చేతులు జోడించారు. పక్కింటావిడ కొంగు పట్టి లాగుతున్నా వినకుండా అత్త లేచింది.

“నానెల్తాను బాబూ. కంచె కింద దూరి ఇప్పటికీ ఎల్తన్నాను. కేసెట్టుకుంటే ఎట్టుకోండి. ముందు నానెల్తానని రాసుకోండి.”

ఆ అధికారి కూర్చోమన్నాడు. అత్త కూర్చోలేదు, ఆయన రాసేదాకా.