పాతిక నిమిషాల దూరం

విమానం తలుపు తీయగానే చలి ముఖం మీద కొట్టింది. ఈశాన్య కొండల్లో చిన్న ఎయిర్‌పోర్టు అది. రాళ్ళు ఏరి చదును చేసిన నేల, రెండు రేకుల షెడ్లు, ఒక రేడియో గది, గాలి తెలియడానికి స్తంభానికి కట్టిన పొడుగాటి గుడ్డసంచి. అంతే. డెబ్భైల చివర్లో సిపాయిగా నాకు అక్కడ డ్యూటీ పడింది. అయిదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కింద మైదానంలో ఇంకో చిన్న ఎయిర్‌పోర్టు, దాని పక్కనే మిలిటరీ ఆసుపత్రి ఉండేవి. విమానంలో పాతిక నిమిషాలు. రోడ్డు మీదయితే మూడు రోజులు, అదీ కొండచరియలు పడకపోతే.

మా వంటవాడిది నందిగామ పక్క పల్లె. నాది జగ్గయ్యపేట. చుట్టరికం లేకపోయినా మొదటిరోజే బావా అని పిలిచాడు.

"పేట నుంచి నందిగామకి బస్సు గంట పట్టుద్ది బావా. ఇక్కణ్ణించి కిందకి పాతిక నిమిషాలే. దిగులు పడొద్దని మా నాయనకి అదే రాశా."

"మన బస్సుకి గాలితో పనిలేదుగా" అన్నాను.

అక్కడ అందరికంటే పెద్ద ఆర్డరు గాలిదే. పొద్దున పదింటి దాకానే విమానం లేచేది. తర్వాత లోయలోంచి గాలి మొదలవుతుంది. గుడ్డసంచి వేలాడుతుంటే ఎగరొచ్చు. నిండి అడ్డంగా నిలబడితే ఇక మర్నాడే.

వంటవాడు దాన్ని చూసి నవ్వేవాడు. "మనూళ్ళో కళ్ళంలో చేట పట్టుకుని గాలి రావాలని చూస్తాం. ఇక్కడేమో రాకూడదని చూస్తన్నాం. ఏం బతుకు బావా!"

ఒక సాయంత్రం వాడికి కడుపునొప్పి వచ్చింది. తెల్లారేసరికి పొట్ట చెక్కలా బిగిసింది. మందులిచ్చే సిపాయి చేయి వేసి చూశాడు. "లోపల పేగు పగిలినట్టుంది. మధ్యాహ్నంలోపు ఆపరేషన్ జరగాలి" అన్నాడు.

ఆ రోజు విమానం ఉంది. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరును తీసుకెళ్ళడానికి ఎనిమిదిన్నరకి దిగింది. వంటవాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకెళ్ళి లోపల పెట్టాం. ఆఫీసరు రాలేదు. ఆయన ఎక్కకుండా విమానం లేవకూడదు. టిఫిన్, తర్వాత ఫోటోలు, తర్వాత టీ. రోగి ఉన్నాడు, త్వరగా రమ్మని పైలట్ రెండుసార్లు మనిషిని పంపాడు. వస్తున్నానని కబురొచ్చింది. ఆయన మాత్రం రాలేదు.

కింద నుంచి విమానం రేడియోలో పైలట్‌ని అడిగారు.

"అంబులెన్స్ సిద్ధంగా ఉంది. బయలుదేరారా?"

"లేదు."

"వాతావరణం బాలేదా?"

"బాగుంది. సాబ్ టీ తాగుతున్నారు."



వంటవాడు నా చొక్కా పట్టుకున్నాడు. "సంచి ఎట్టా ఉంది బావా?"

"వేలాడుతోంది."

మళ్ళీ అడిగాడు. అప్పటికి దాని మూతి కొంచెం తెరుచుకుంది. "వేలాడుతోందిలే" అన్నాను.

ఆఫీసరు వచ్చేసరికి సంచి నిండి బిర్రుగా నిలబడింది. పైలట్ తల అడ్డంగా ఊపాడు. స్ట్రెచర్ దించాం. పొద్దు వాలకముందే వాడు పోయాడు.

మర్నాడు గాలి లేదు. శవం పాతిక నిమిషాల్లో కిందకి చేరింది. అదే విమానంలో ఆఫీసరు ముందు సీట్లో కూర్చుని వెళ్ళాడు.

డ్యూటీ ముగిశాక నందిగామలో బస్సు దిగి వాడి ఊరికి నడిచాను. వాళ్ళ నాన్న కళ్ళంలో ఉన్నాడు. కందులు తూర్పారబట్టడానికి చేట పట్టుకుని గాలి కోసం నిలబడ్డాడు.

"పాతిక నిమిషాలేనని రాశాడు గదయ్యా. ఎక్కించలేకపోయారా?"

"ఎక్కించాం మావయ్యా. గాలి లేచింది."

"పొద్దున్నే గాలి ఉండదుగా. అది లేచేదాకా ఏం చేస్తా ఉన్నారు?"

"ఆఫీసరుగారు టీ తాగుతూ ఉన్నారు."

ఆయన చేట కిందకి దించాడు. కాసేపటికి గాలి వచ్చింది. పొట్టు లేచి మా ఇద్దరి మీద పడింది. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆయనే కనబడతాడు. గాలి వీస్తూనే ఉంటుంది. ఆయన చేట ఎత్తడు.