టేపు మామయ్య తనిఖీ

టేపు మామయ్య కొలవకుండా దేన్నీ నమ్మడు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. శాఖ ఆయన్ని వదిలిపెట్టింది గానీ ఆయన టేపుని వదిలిపెట్టలేదు. చొక్కా మారుస్తాడు, చెప్పులు మారుస్తాడు, ఎడమ జేబులో ఆ స్టీలు టేపు మాత్రం మారదు. ఇంటికి కొత్త సోఫా వస్తే ముందు సోఫాని కొలుస్తాడు, తర్వాత గుమ్మాన్ని కొలుస్తాడు, అనుమానం తీరక మళ్లీ సోఫాని కొలుస్తాడు. అంతా అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "పట్టదు" అని తేల్చేస్తాడు. మోసుకొచ్చిన వాళ్లు ఆయన కొలతలు చూసి విసిగిపోయి అప్పటికే సోఫాని లోపల పెట్టేసి, దానిమీదే కూర్చుని ఉంటారు.

ఈ టేపుకి మొదట బలైంది ఆయన అల్లుడు. బేకరీ నడుపుకునే ఆ అబ్బాయి, మీ అమ్మాయిని చేసుకుంటానని చెప్పడానికి మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, మామయ్య కూర్చోమనలేదు, గోడకి ఆనుకుని నిలబడమన్నాడు. పెన్సిల్‌తో గీత పెట్టి కొలిచి, మా అమ్మాయి చెప్పినదానికి అంగుళం తక్కువున్నారు అన్నాడు. అది బూటు మడమ ఎత్తని, బూట్లు గుమ్మం దగ్గరే విప్పి వచ్చానని అల్లుడు ఎంత మొత్తుకున్నా వినలేదు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, బేకరీకి రెండో ఓవెన్ వచ్చింది. ఆ అంగుళం లెక్క మాత్రం తేలలేదు.

అలాంటి మనిషిని తీసుకెళ్లి ఊరి లాక్రోస్ లీగుకి కార్యదర్శిని చేశారు. లాక్రోస్ అంటే చివర చిన్న వల కట్టిన కర్రతో బంతిని పట్టుకుని, పరిగెత్తి, అవతలివాళ్ల గోల్లో వేసే ఆట. వల మరీ లోతుగా ఉంటే బంతి అందులో ఇరుక్కుని, ఎవరెంత కొట్టినా బయటికి రాదు. అందుకని ఆటకి ముందు ప్రతి కర్రనీ తనిఖీ చెయ్యాలి. ఏ లీగులోనైనా ఈ పని చిటికెలో అయిపోతుంది. మన లీగులో మాత్రం, తనిఖీకి నిలబడిన ఆటగాడి గడ్డం ఆట మొదలయ్యేసరికి పెరిగి ఉంటుందని చెప్పుకునేవారు.

లీగు రూల్సన్నీ రాసింది ఆయనే. వాటిలో మూడు అందరికీ కంఠతా వచ్చు. తనిఖీ ముగిసిందని కార్యదర్శి చెప్పాకే రిఫరీ విజిల్ వెయ్యాలి. విజిల్ పడేసరికి మైదానంలో పదిమంది లేని జట్టు ఆ ఆట వదులుకున్నట్టే. ఒక సీజన్లో రెండు ఆటలు అలా వదులుకుంటే ఆ జట్టు లీగులోంచి పోతుంది. బతిమాలడాలు, బామాలడాలు లేవు. సొంత అల్లుడు బేకరీ జట్టుకి కెప్టెన్ అయినా సరే, మైదానంలోకి అడుగుపెడితే ఆయనకి చుట్టరికం గుర్తుండదు. ఇంట్లో "అల్లుడుగారూ" అని నోరారా పిలిచేవాడు, అక్కడ "బేకరీ కెప్టెన్ ఎవరండీ?" అని నాలుగు దిక్కులూ చూసేవాడు. అల్లుడు ఆయన ముక్కు ముందే నిలబడి ఉండేవాడు.

కిందటేడు ఒక ఆటకి బ్యాంకు జట్టు వాళ్ల వ్యాను దారిలో ఆగిపోయింది. వచ్చిన నలుగురూ దిక్కులు చూస్తూ నిలబడ్డారు. అల్లుడు, ఇక విజిల్ పడుతుంది, కష్టపడకుండా గెలుస్తాం అని సంబరపడుతుంటే, మామయ్య కర్రలు వదిలేసి గోల్ వల దగ్గరికి వెళ్లాడు. వలలో కన్నాలన్నీ ఒకే కొలతలో ఉన్నాయో లేదో చూడాలన్నాడు. ఒక్కో కన్నం కొలుచుకుంటూ కూర్చున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. చివరి వరుసకి వచ్చేసరికి వ్యాను వచ్చింది, బ్యాంకు వాళ్లు దిగారు, ఆడారు, చిత్తుగా ఓడించి వెళ్లారు. ఆ రాత్రి అల్లుడు భార్యతో, మీ నాన్న చాదస్తం వల్ల గెలవాల్సిన ఆట పోయిందని తిట్టి, భోజనం మానేసి పడుకున్నాడు.

ఈ సీజన్లో ఒకసారి మామయ్యకి జ్వరం వచ్చింది. బదులుగా మందుల షాపాయన తనిఖీకి వచ్చాడు. కర్రలని దూరంనుంచే చూసి, అన్నీ బాగున్నాయన్నాడు. అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. తనిఖీ అంటే ఇలా ఉండాలని ఆయనతో చెయ్యి కూడా కలిపాడు. చెయ్యి వదిలేలోపు విజిల్ పడింది. బేకరీ జట్టులో ఇద్దరు ఇంకా బస్సులోనే ఉన్నారు. అలా ఒక ఆట వదులుకున్నారు. అల్లుడు బస్సుని తిట్టాడు, రోడ్డుని తిట్టాడు, తన జాతకాన్ని తిట్టాడు. జ్వరం గురించి మాత్రం ఆలోచించలేదు.

ఇప్పుడు సీజన్లో చివరి ఆట వచ్చింది. మళ్లీ బ్యాంకు జట్టే. మైదానంలో బేకరీ వాళ్లు తొమ్మిదిమంది ఉన్నారు. పదో మనిషి గోల్ కీపరు, ఆసుపత్రిలో నర్సు. ఆమె ఫోన్ చేసింది. తన బదులు రావాల్సిన మనిషి ఇంకా రాలేదని, వార్డు వదిలి రాలేనని, రాగానే బయల్దేరతానని చెప్పింది. వచ్చెయ్యమని అడగడానికి అల్లుడికి నోరు రాలేదు. అక్కడ మంచాలమీద మనుషులున్నారు.

అల్లుడు తన జట్టు వైపు చూశాడు. పిండి కలిపే పెద్దాయన బూటు తాళ్లు బిగించుకుంటున్నాడు. డాక్టరు ఎన్నేళ్లు చెప్పినా వీధి చివరిదాకా నడవనివాడు, బంతి కోసం మైదానమంతా పరిగెడతాడు. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ వారమంతా ఎవరితోనూ మాట్లాడదు, ఇక్కడికొస్తే ఆమె గొంతు గేటు బయటికి వినిపిస్తుంది. వీళ్లని ఒక్కొక్కరినీ బతిమాలి తెచ్చి కట్టిన జట్టు ఇది. ఇవాళ విజిల్ పడేసరికి నర్సు రాకపోతే రేపటినుంచి జట్టే ఉండదు. వీళ్ల చోటు కోసం ఇంకో జట్టు అప్పుడే చొక్కాలు కుట్టించుకుని కాచుకుని ఉంది.

మామయ్య బ్యాంకు వాళ్ల కర్రలు ముగించి బేకరీ వైపు తిరిగాడు. ఒకసారి మనుషుల్ని లెక్కపెట్టాడు. పెద్దాయన కర్ర తీసుకుని పైనుంచి కిందికి కొలిచాడు, కిందినుంచి పైకి కొలిచాడు. వలలో బంతి వేసి, కర్రని కళ్లకి ఎదురుగా అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత రెండో కన్ను మూసి చూశాడు. అలా నాలుగు కర్రలయ్యాక ఆగి, టేపుని చేత్తో తడిమి, ఎండకి స్టీలు సాగుతుందని, ఇప్పటిదాకా కొలిచినవి లెక్కలోకి రావని, అన్నీ నీడలోకి తీసుకురమ్మని చెప్పాడు.

అందరూ కర్రలు మోసుకుని షెడ్డు నీడలోకి నడిచారు. అక్కడ టేపు చల్లబడేదాకా ఆగాలన్నాడు.

బ్యాంకు మేనేజరు, అంటే బ్యాంకు జట్టు కెప్టెన్, రిఫరీ దగ్గరికి వచ్చాడు. రిఫరీ మిగతా రోజుల్లో కళ్లద్దాల షాపు నడుపుతాడు.

"వాళ్లు తొమ్మిదిమందే ఉన్నారు. కనిపిస్తూనే ఉందిగా? విజిల్ వేసెయ్యండి."

"తనిఖీ అవకుండా వేస్తే నా విజిల్ లాక్కుంటాడండీ ఆయన" అన్నాడు రిఫరీ.

మేనేజరు మామయ్య దగ్గరికి వెళ్లాడు. "ఇంకా ఎంతసేపండీ?"

"ఎంతసేపో రూల్లో రాయలేదండీ" అన్నాడు మామయ్య, టేపు మీదనుంచి తల ఎత్తకుండా. "రాయకపోవడం నా పొరపాటే. మీటింగులో పెట్టండి, చర్చిద్దాం."

మేనేజరు తన వాళ్ల దగ్గరికి వెళ్లి, ఆయన సంగతి తెలిసిందేగా అని చేతులు తిప్పాడు. వాళ్లు కింద చతికిలబడ్డారు. ఆయన కొలుస్తూ కూర్చోవడంలో ఎవరికీ వింత కనిపించలేదు. పొద్దు తూర్పున ఉన్నప్పుడు మొదలైన తనిఖీలు నడినెత్తికొచ్చాక ముగియడం ఆ మైదానానికి మామూలే.

భరించలేకపోయింది అల్లుడొక్కడే. గేటు వైపు చూస్తాడు, ఫోన్ చూస్తాడు, మామయ్య టేపు చూస్తాడు. చివరికి ఉండబట్టలేక మామయ్య పక్కకి వెళ్లాడు.

"మామయ్యగారూ, ఎందుకీ సాగదీత? అయ్యేదేదో అయిపోనివ్వండి. ఈ చిత్రహింస కంటే విజిలే నయం."

మామయ్య కళ్లజోడు పైనుంచి ఆయన్ని చూశాడు. సోఫాని చూసినట్టు చూశాడు.

"బేకరీ కెప్టెన్ మీరేనా? తనిఖీ జరుగుతుండగా కెప్టెన్ మాట్లాడకూడదు. ఏదీ, మీ కర్ర ఇలా ఇవ్వండి."

"నాది ఇందాకే చూశారు."

"అనుమానంగా ఉంది. వల తాళ్లు మొత్తం విప్పి మళ్లీ కట్టండి. నా ఎదురుగా కట్టాలి."

అల్లుడికి ఒళ్లు మండిపోయింది. కూతుర్నిచ్చిన మనిషి, నట్టేట మునుగుతుంటే చెయ్యి ఇవ్వకపోగా తాళ్లు విప్పమంటున్నాడు. బూటు మడమ అంగుళం కూడా ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. పళ్లు కొరుక్కుంటూ నేలమీద కూర్చుని తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. కోపంలో ఒక ముడి విప్పబోతే రెండు పడుతున్నాయి. ఇక చాలు, ఈ ఆటా వద్దు, ఈ చుట్టరికమూ వద్దు అనుకున్నాడు. మామయ్య పక్కనే నిలబడి, ఆ ముడి కాదు, పైది ముందు, అని సలహా ఇస్తున్నాడు.

గేటు దగ్గర స్కూటరు ఆగింది. నర్సు ఆసుపత్రి బట్టలతోనే, గోల్ కీపర్ సామాను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చింది. వస్తూనే కర్ర చాచింది. మామయ్య దాన్ని పట్టుకుని బంతి వేశాడు, చూశాడు, తిరిగిచ్చేశాడు. ఆమె హెల్మెట్ పెట్టుకుని, కట్టుకోవాల్సినవన్నీ కట్టుకుని గీత లోపల నిలబడేదాకా టేపుని అటూ ఇటూ తిప్పుతూ ఊరుకున్నాడు. తర్వాత టేపు టక్కుమని డబ్బీలోకి వెళ్లిపోయింది.

"తనిఖీ పూర్తయింది. విజిల్ వేసుకోవచ్చు."

అల్లుడు తలెత్తాడు. కర్ర చివర తాళ్లు సగం ఊడి వేలాడుతున్నాయి.

"మరి నాది?"

"మీది మొదటిసారి కొలిచినప్పుడే బాగుంది" అని, మామయ్య షెడ్డు గోడకి ఆనించిన ఇంకో కర్ర తెచ్చి ఇచ్చాడు. "దీన్ని పొద్దున్నే కొలిచిపెట్టాను. దీంతో ఆడండి."

అల్లుడు ఆ కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వల కన్నాలు గుర్తొచ్చాయి. ఆగిపోయిన వ్యాను గుర్తొచ్చింది. జ్వరం వచ్చిన రోజు, మందుల షాపాయనతో తను కలిపిన చెయ్యి గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో ఈయన తనిఖీ చప్పున అయిపోయిన రోజులన్నీ, రెండు జట్లూ నిండుగా వచ్చిన రోజులే. ఏ జట్టువాడు ఏ పనిలో చిక్కుకున్నా, వాడు గేటు దాటేదాకా ఈయన జేబులో టేపు బయటే ఉండేది. ఒక్క రూలు తప్పలేదు, ఒక్కడినీ బయటికి పోనివ్వలేదు. దాన్ని చాదస్తమని తిట్టి, తను అన్నం మానేసి పడుకున్నాడు. అల్లుడికి సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా, ఆ బట్టతల మనిషిని అందరిముందూ కావలించుకోవాలనిపించింది. కెప్టెన్లు కార్యదర్శిని కావలించుకోకూడదని కూడా ఒక రూలు ఉండే ఉంటుందని ఊరుకున్నాడు.

ఆ రోజు బేకరీ జట్టు ఎంత తేడాతో ఓడిందో చెప్పుకోవడం ఎందుకు. ఓడినవాళ్లకి వచ్చే సీజన్ ఉంటుంది. పెద్దాయన ఆట అయ్యాక కూడా కాసేపు బంతి వెనక పరిగెత్తాడు.

సీజన్ ముగింపు మీటింగులో బ్యాంకు మేనేజరు మామయ్య చెప్పినట్టే చేశాడు. తనిఖీకి ఇంత సమయమే అని రూలు పెట్టాలని ప్రతిపాదించాడు. మామయ్య వెంటనే, రూలు పెట్టండి, పెడితే దానికి ఒక్క నిమిషం అటూ ఇటూ వెళ్లను అన్నాడు. ఎవరు వద్దన్నా, ఎందుకో చెప్పాలి. చెబితే ఆ గుట్టు రట్టై, మర్నాటినుంచి మామయ్య టేపుకి విలువుండదు. అల్లుడు లేచి, కిందటేడు గోల్ వల బాగా కొలిచారు, వ్యాను వచ్చేసరికి పూర్తయింది, అని మాత్రం అన్నాడు.

మేనేజరు చేతిలో టీ కప్పు కింద పెట్టాడు. మామయ్య వైపు చూశాడు. మామయ్య బల్ల అంచు కొలుచుకుంటున్నాడు. మేనేజరు, ఇలాంటివి తొందరపడి రాసుకుంటే లేనిపోని తలనొప్పులని, తన ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, చల్లబడిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

కొత్త సీజన్ మొదటి ఆట. ఈసారి బేకరీ వాళ్లు పదిమందీ ముందే వచ్చారు. అవతలి జట్టులోనే ఇద్దరు కనిపించడంలేదు. వాళ్ల కెప్టెన్ ముఖం పాలిపోయి ఉంది. అల్లుడు అది చూశాడు. తన కర్ర తీసుకుని వెళ్లి మామయ్య ముందు నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు.

"మామయ్యగారూ, నాది కాస్త నిదానంగా చూడండి. నాకే అనుమానంగా ఉంది."

మామయ్య ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. జేబులోంచి టేపు తీశాడు.

"తనిఖీ జరుగుతుండగా కెప్టెన్ మాట్లాడకూడదు" అన్నాడు. "ముందు అలా గోడకి ఆనుకుని నిలబడండి. ఆ అంగుళం సంగతి ఇవాళ తేల్చేద్దాం."

అల్లుడు బూట్లు విప్పి, షెడ్డు గోడకి ఆనుకుని, ఎంతసేపు కొలిచినా ఇబ్బంది లేనట్టు నిలబడ్డాడు.