కుంటుకుంటూ పోయిన దుప్పి

"సార్, మా నాయిన ఉచ్చుల పడ్డ దుప్పి గిండ్ల ఉన్నదా?"

జింకల పార్కు కంచె దగ్గర ఏడో తరగతి జ్యోతి ఈ మాట అడగగానే పక్కనున్న పిల్ల ఆమె జడ పట్టి లాగింది. "నోరు మూస్కోవే! మీ నాయినను పట్కపోతరు." పిల్లలందరూ నా ఖాకీ చొక్కా వైపు చూశారు. టీచరమ్మ ముఖం పాలిపోయింది.

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది అది. నేను అటవీశాఖలో సెక్షన్ ఆఫీసర్‌ని, అంటే కొన్ని బీట్లకు బాధ్యుణ్ణి. బీట్ అంటే ఒక ఉద్యోగి కాపలా కాసే అడవి ముక్క. చలికాలంలో చండ్రుగొండ, దమ్మపేట వైపు బడుల పిల్లలకు అభయారణ్యం చూపించడం కూడా మా పనే. ఆ బస్సుల్లోని పులిహోర వాసన, ఎండుటాకుల మీద అన్ని చెప్పుల చప్పుడు ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఆ ఉదయమంతా జ్యోతి నెమళ్లను పట్టించుకోలేదు. దుప్పుల కాళ్లనే చూస్తోంది. ఎందుకో అప్పుడు అర్థమైంది.

పక్కన కూర్చుని అడిగాను. "ఎప్పుడు పడ్డదమ్మా?"

"వానకాలం మక్క కంకి పట్టినప్పుడు సార్. పందులకు పెడ్తే గది పడ్డది. మా నాయిన తీగ కోసి ఇడిసిపెట్టిండు. కుంటుకుంట పోయింది. దెబ్బ తాకినయి ఈడికి తెస్తమని బస్సుల మీరే చెప్పిండ్రు గద!"

పందికి పెట్టినా, దుప్పి పడినా చట్టం ప్రకారం ఉచ్చు పెట్టడం వేట కిందికే వస్తుంది. ఇల్లు వెతికితే తీగ దొరికేదేమో. కానీ ఆ తర్వాత ఆ ఊరి పిల్లలెవరూ మా ముందు నోరు విప్పరు. తీగలు తెచ్చి అప్పజెప్పమని టీచరమ్మతో కబురు పంపాను.

మర్నాడు జ్యోతి తండ్రి ముత్తయ్య ఉచ్చులకు వాడిన బండి క్లచ్ వైర్లు సంచిలో తెచ్చి నా ముందు పెట్టాడు.

"జైలుకు తోల్తరా సార్?"

"మళ్లీ పెడితే తప్పదు."

"మరి పందులు? మక్క మేసిపోతే నా బిడ్డకు బువ్వ మీరు పెడ్తరా?"

అతని వెంట టీచరమ్మ కూడా వచ్చింది. ఈ పనికి ఆమే పూనుకుంది. పందులు బెదిరేలా మొక్కజొన్న చేను చుట్టూ పాత చీరలు కట్టడం మా వైపు ఉన్నదే. పిల్లలు ఇంటికొక చీర తెచ్చారు. గాలికి రెపరెపలాడే ఆ రంగులు చూసి ముత్తయ్య మొదటిసారి నవ్వాడు. "నా చేనుకు పెండ్లి జేస్తున్నరా ఏంది?"

ఆ చలికాలపు యాసంగి పంటలో కొంత పందుల పాలైంది, మిగతాది దక్కింది. ముత్తయ్య మళ్లీ తీగ పట్టినట్టు నాకు తెలియరాలేదు.

అడవిని పిల్లలకు మేమే పరిచయం చేస్తున్నామని అనుకునేవాణ్ణి. అడవి అంచు ఊళ్ల పిల్లలు దాని గురించి ఏదో ఒక దిగులు మోసుకునే బస్సెక్కుతారు. అప్పటినుంచి ముందు వాళ్లను మాట్లాడనిచ్చి, తర్వాతే నా పాఠం మొదలుపెడుతున్నాను.

జ్యోతి ఇప్పుడు ఖమ్మంలో ఇంటర్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా మా ఆఫీసు ముందు ఆగుతుంది. "కనిపించిందా సార్?"

జంతువు కదిలితే దానంతట అదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు మా అడవిలో ఉన్నాయి. వాటిలో దుప్పుల ఫొటోలు చాలానే వస్తాయి. కదలని ఫొటోలో దుప్పి కుంటుతోందో లేదో తెలియదు.