లోడ్ ఎంత, వదినా?

శుక్రవారం. రెండుసార్లు మెషీన్ వేసి బట్టలు ఆరేశాను. వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి నూరి సీసాకెత్తాను. ఏసీ జాలీలు కడిగాను. ప్రతి శుక్రవారం లాగే ముగ్గురికి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాక ఈ అరబ్ దేశంలో పనివాళ్లుండే క్యాంపు నుంచి ఫోన్ వచ్చింది. మా మరిది పొద్దున నిద్ర లేవలేదట. గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడట. అన్నం ముగ్గురికీ ఉడికింది.

అతని గురించి క్యాంపులో ఒక మాట తిరుగుతోంది. కస్టమర్ ఇంజిన్ కాల్చేశాడని, అందుకే గ్యారేజీవాళ్లు అసలు పనిలోంచి తీసి కార్లు కడగడానికి పెట్టారని. ఆ మాట సముద్రం అవతల ఊళ్లో ఉన్న అతని భార్య దాకా వెళ్లింది. జరిగింది అది కాదు. జరిగినప్పుడు నేను ఆ కారులోనే ఉన్నాను.

హమద్ టౌన్‌లోని ఒక గ్యారేజీలో అతని పని కార్ల కంప్యూటర్లతో. ఇంజిన్‌కు పెట్రోలు ఎంత అందాలి, గాలి ఎంత అందాలి అన్న లెక్కలు మార్చి, బండికి బలం పెంచేవాడు. నాకు అర్థమయ్యేలా వంటింట్లోనే కూర్చుని చెప్పాడు.

“ఫైలు తెరిస్తే ఉత్త అంకెలే వదినా, పేరు గీరు ఏముండది. ఏ అంకె దేనిదో చెప్పేది డెఫినిషన్ ఫైలు. నీ పోపుల డబ్బాల మీద అతికిచ్చిన చీటీలున్నయ్ గదా, గట్ల. ఇంకోరింటి చీటీలు తెచ్చి అతికిస్తే జీలకర్ర అనుకోని వాము ఏస్తవు.”

“వేస్తే వేశాను. తినేది మీ అన్నే కదా!”

“అన్న తింటడు. ఇంజిన్ తినదు.”

లోడ్ అంటే ఏమిటో కూడా అప్పుడే చెప్పాడు. ఇంజిన్ ఒక్కో గుక్కకు ఎంత గాలి మింగిందో చెప్పే అంకె అది. మిగతావన్నీ ఆ అంకెను చూసే నడుస్తాయి. అందుకే కొత్త డెఫినిషన్ ఫైలు ఏది దొరికినా వెంటనే నమ్మేవాడు కాదు. ముందు దాని నంబరు కారు కంప్యూటర్ నంబరుతో కలుస్తుందా అని వేలు పెట్టి, చివరి నుంచి వెనక్కి చదివేవాడు. “మొదటి అంకెలు అందరియి ఒక్కతీర్గనే ఉంటయ్” అనేవాడు. తర్వాత బండిని రోడ్డు మీదికి తీసుకెళ్లి, కాలి కింద తెలిసే బలానికీ తెర మీది అంకెకూ పొత్తు కుదిరిందా అని చూసేవాడు.

షుగర్ అతని కళ్లకు ఎక్కాక ఆ అంకెలు చదివే పని నాకు వచ్చింది. గ్యారేజీకి తెలిస్తే వీసా ఉండదు. ఊళ్లో చెబితే భార్య బెంగ పెట్టుకుంటుంది. శుక్రవారం రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు కస్టమర్ కారు తెచ్చేవాడు. అతను నడిపేవాడు. నేను పక్కన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చదివేదాన్ని. వెనక సీట్లో మా ఆయన.

“లోడ్ ఎంత, వదినా?”

“నలభై. నలభై మూడు.”

“పరీక్ష ఫలితాలు చదువుతున్నట్టుంది” అని వెనక నుంచి మా ఆయన. “పాసయ్యానా, లేదా?”

అది జరిగిన రోజు కారు సీఫ్ పేటలో పనిచేసే ఒక కుర్రవాడిది. మా మరిది యాక్సిలరేటర్ తొక్కగానే నా వీపు సీటుకు అతుక్కుపోయింది. నేను చదివాను: తొంభై. తొంభై ఒకటి. తొంభై.

అతను వెంటనే కాలు తీసేశాడు. “గింత గుంజుతుంటె తొంభయ్యే ఏంది? ఇంకా ఎక్కువ చూపాలె” అని బండి పక్కకు ఆపాడు. కారు కంప్యూటర్ నంబరు, డెఫినిషన్ ఫైలు నంబరు రెండూ నాచేత పైకి చదివించాడు. ఒకదాని చివర మూడు. ఇంకోదాని చివర ఎనిమిది. ఆ ఫైలు ఈ కారుది కాదు. ఇంజిన్ నిజంగా మింగుతున్న గాలి తెర మీద కనబడేదానికన్నా చాలా ఎక్కువ. ఆ తొంభైని నమ్మి ఇంకొంచెం బలం పెంచి ఉంటే పిస్టన్లు కరిగిపోయేవి, అదీ ఆ కుర్రవాడు హైవే మీద వేగంగా వెళ్తున్నప్పుడు.

స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నాడు. “గ్యారేజీల చూసినప్పుడు నాకు రెండూ ఎనిమిదే కనబడ్డయ్ వదినా.”

మా ఆయన ముందుకు వంగి ఆ రెండు నంబర్లూ తానూ ఒకసారి చదివాడు.

కారులో ముందున్న లెక్కలే తిరిగి ఎక్కించి, మర్నాడు యజమానికి తన కళ్ల సంగతి తానే చెప్పాడు. “బండికి ఏం కాలేదు కదా భాయ్, ఖలాస్, ఎవరికీ చెప్పకు” అన్నాడట యజమాని. “ఇయ్యాల కాలే. రేపయితది. నన్ను ఆ పనికి పెట్టకు” అన్నాడట ఇతను. మర్నాటి నుంచి అతని చేతికి నీళ్ల పైపు ఇచ్చారు. వీసా ఇక పొడిగించేది లేదన్నారు. కారణం ఎవరూ చెప్పలేదు కాబట్టి క్యాంపులో వాళ్లకు తోచిన కారణం వాళ్లు చెప్పుకున్నారు.

ఊరి నుంచి ఆ మాట తిరిగి అతని చెవిన పడ్డ రోజు మా ఇంట్లో అన్నం సరిగా తినలేదు. “నేను ఊరికి పోయినంక ఆమెకు ఎదురుంగ కూసోని చెప్త. ఫోన్ల చెప్పేది కాదు. నడుమ నాకేమన్నయితే నువ్వే చెప్పాలె వదినా. ఇంజిన్ కాల్చలేదని చెప్పు.”

సరేనన్నాను. అంతకుమించి ఆ రోజు ఆ మాటను పట్టించుకోలేదు.

అతని శవపెట్టె ఊరు చేరి, కర్మలన్నీ అయ్యాక అతని భార్యకు ఫోన్ చేశాను. వరసకు నాకు చెల్లెలు. మొత్తం చెప్పాను: ఫైలు, అంకెలు, రోడ్డు పక్కన బండి ఆపడం, తన నోటితోనే యజమానికి చెప్పడం, అన్నీ. “బండికి ఏం కాలే చెల్లే. ఆయననే ఆపిండు. పని కూడ ఆయననే వద్దన్నడు.”

అతను నా మీద పెట్టిన మాట తీరింది, అనుకున్నాను.

తర్వాత ఆమె అడిగింది. “అక్కా, కండ్లు గంత పోయినయా? మరి దినాం వీడియోల నన్ను సూసి మంచిగున్నవ్ అనెటోడు. నా మొఖం కనబడ్డదా ఆయనకు?”

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేయలేదు. అటువైపు ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతూ ఉంది.