ప్లగ్గు, చెక్కపీట

మా చిన్నప్పుడు కంభంలో మా ఇల్లంతటికీ ప్లగ్ పాయింటు ఒక్కటే... వంటింటి గోడకు, నా భుజం ఎత్తులో.

కువైట్ నుంచి వచ్చిన పక్కింటి మామ దగ్గర నాయన ఒక టేప్‌రికార్డర్ కొన్నాడు. దాని ప్లగ్గుకు బద్దల్లాంటి మూడు లావుపాటి పిన్నులు. మా గోడకు గుండ్రటి రంధ్రాలు. నాయన ఆ ప్లగ్గు కోసేసి, వైర్ల కొసలు చెక్కి, రంధ్రాల్లో దూర్చి, అగ్గిపుల్లలతో బిగించేవాడు. అప్పట్లో అందరూ అంతే...

ఒక వానరోజు స్నానం చేసి వచ్చి, తడిచేత్తోనే ఆ వైరు సర్దబోయాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. అరవలేదు. నా వైపే చూస్తున్నాడు... పిలుస్తున్నాడేమోనని ఒక అడుగు వేశాను.

"ముట్టొద్దురా" అని అమ్మ అరిచింది. తను కూర్చున్న చెక్కపీట లాగి నాయన చేతి మీద కొట్టింది. ఆయన అవతల పడ్డాడు.

కాసేపటికి కళ్లు తెరిచి, "టేప్‌రికార్డర్ పగల్లేదు గదా?" అన్నాడు.

"అది బాగనే ఉంది. లేచి పాట పెట్టుకో పో" అని అమ్మ ఏడ్చింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పీట ఎక్కితేనే ప్లగ్గు ముట్టాలి. నేను పీట ఎక్కినా పెట్టలేకపోయాను. డిగ్రీ చదివాక కూడా...

పెళ్లయిన కొత్తలో నా భార్య ఎగతాళి చేసింది. "ఏంది, ఇస్త్రీపెట్టె ప్లగ్గు గూడా నేనే పెట్టాల్నా? దొరగారు పెట్టరా?"

సంగతి చెప్పాను. మళ్లీ అడగలేదు. ముప్పై ఏళ్లు మా ఇంట్లో ప్లగ్గులన్నీ ఆమే పెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

ఆమె పోయి ఏడాది దాటింది. మంచం పక్కన ఆమె పెట్టిన ఫోన్ చార్జర్ గోడకు అలాగే ఉంది. నేను వైరు కొస ఫోనుకు తగిలిస్తాను, అంతే.

ఇప్పుడు పలకరాళ్ల బేరం కోసం దుబాయ్ వెళ్లాలి. ఒక్కడినే. మార్కాపురంలో ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో అక్కడికి సరిపోయే అడాప్టర్ అడిగాను. దుకాణదారు చేతిలో పెట్టాడు. బద్దల్లాంటి మూడు లావుపాటి పిన్నులు... కౌంటర్ మీద పెట్టేశాను.

"వేరే రకం లేదా?"

"ఆడ గోడలే అట్లుంటాయన్నా. ఏది కొన్నా ఇవే పిన్నులు. చార్జర్ దీంట్లో పెట్టు, దీన్ని గోడకు పెట్టు. చిన్నపిల్లోళ్లు గూడా పెడతారు."

కొత్త చార్జర్ కూడా కొన్నాను. పాతది గోడ నుంచి తీయలేను... తీస్తే మళ్లీ పెట్టే చెయ్యి లేదు.

ఇంటికొచ్చి చార్జర్‌ను అడాప్టర్‌లో పెట్టి చూశాను. కరెంటుకు తగిలించలేదు. దానికీ ఆనాటి అమ్మ పీటే ఎక్కాను.

అగ్గిపుల్లల రోజులు పోయాయి. ఇప్పటి పిల్లలు చూడకుండానే ప్లగ్గు పెట్టేస్తారు. మంచిదే. నాకు మాత్రం ఆ హోటల్ గది గోడ ఇప్పటినుంచే కనబడుతోంది...

పెట్టెలోంచి ఒక రాయి శాంపిల్ తీసేసి, ఆ చోట అమ్మ పీట సర్దాను.

మీ ఇంట్లో ప్లగ్గు ఎవరు పెట్టేవారు?